కప్పు లేని గదికి తాళం

నా చిన్నప్పుడు కొత్తపేటలో మాకొక పెంకుటిల్లు ఉండేది. ఒకే కప్పు, మధ్యలో గోడ. గోడకి ఇవతల మేము, అవతల వాటాలో అద్దెకున్నవాళ్ళు. మా నాన్న ఉద్యోగం బదిలీల ఉద్యోగం కావడంతో, చదువు చెడిపోతుందని నన్ను తాతయ్య దగ్గర, మామ్మ దగ్గర ఉంచారు. అలా ఆ గోడ పక్కన నేను కొన్నేళ్ళు పెరిగాను. అద్దెకిచ్చేవాళ్ళూ అద్దెకుండేవాళ్ళూ ఒకరి గురించి ఒకరు ఏమనుకుంటారో నాకు అప్పుడే కొంత తెలిసింది.

మా తాతయ్యకి గొడవలంటే భయం. ఎవరినైనా ఖాళీ చేయించాలనుకుంటే, ఖాళీ చెయ్యండి అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. వేసవి వచ్చేదాకా ఆగేవారు. అప్పుడు వీధి అరుగు మీద కూర్చుని, అవతలాయన ఆఫీసు నుంచి వస్తుంటే పిలిచి, చాలా మర్యాదగా చెప్పేవారు. ఇల్లు నేయించాలండి, పెంకు కదిలిపోయింది, వానాకాలం వస్తే మీకే ఇబ్బంది, ఒక పదిహేను రోజులు ఎక్కడైనా సర్దుకోండి, మళ్ళీ మీరే వద్దురుగాని అని. ఇల్లు నేయించడమంటే పెంకులన్నీ దించి, పగిలినవి తీసేసి, కింద వాసాలు బాగున్నాయో లేదో చూసుకుని మళ్ళీ పేర్పించడం. నాటు పెంకు ఇళ్ళకి రెండు మూడేళ్ళకోసారి అది తప్పదు కాబట్టి ఎవరూ అనుమానించేవారు కాదు. సామాను చుట్టాల ఇంట్లో పెట్టుకుని వెళ్ళిపోయేవారు. పెంకు నేత ఒక్క రోజులో పైపైన అయిపోయేది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి వాటాలో వేరేవాళ్ళ బట్టలు ఆరుతూ ఉండేవి.

ఆసుపత్రిలో పనిచేసే కాంపౌండరుగారి కుటుంబం అలాగే వెళ్ళింది. తర్వాత బట్టల కొట్టు గుమాస్తాగారి కుటుంబం. మా ఇంట్లోంచి ఒక్కళ్ళు కూడా తగువు పడి వెళ్ళలేదని తాతయ్య నలుగురిలో చెప్పుకునేవారు. విన్నవాళ్ళు నవ్వేవారు. అలా ఆ సంగతి వీధి వీధంతా తెలిసిపోయింది.

ఆ తర్వాత వాటాలోకి వచ్చినవాళ్ళు హైస్కూలు లెక్కల మేష్టారు, ఆయన భార్య. నేను ఆవిడని పక్క వాటా అక్క అనేదాన్ని. వాళ్ళది రాజోలు దగ్గర పల్లె. క్రైస్తవులు. మేష్టారి తాతలు ఒకరి చేలో పనిచేసినవాళ్ళు, మేష్టారు చదువుకుని ఉద్యోగంలోకి వచ్చారు. కొత్తపేటలో ఆయనకి ఇల్లు దొరకడం కష్టమైంది. పేరు అడిగి, ఊరు అడిగి, ఆ తర్వాత ఇల్లు ఖాళీ లేదనేవారట. తాతయ్య మాత్రం ఇచ్చారు. గవర్నమెంటు ఉద్యోగం కదా, ఇబ్బంది పెట్టరు అన్నారు. ఇచ్చిన రోజు నుంచీ అరుగు మీదకి వచ్చే పెద్దమనుషులు కొందరు తాతయ్యని ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. ఆయన ఔననేవారు కాదు, కాదనేవారు కాదు. వింటూ ఊరుకునేవారు.

వాళ్ళు వచ్చిన మరుసటేడు అక్కకి పాప పుట్టింది. పురుడు పోసుకుని పుట్టిల్లు ముమ్మిడివరం నుంచి వచ్చాక, వాటాలో ఉన్న పెద్ద గదిలో, దూలానికి చీర కట్టి ఉయ్యాల వేసింది. బడి అవ్వగానే నేను అక్కడికి పరుగెత్తేదాన్ని. ఉయ్యాల ఊపడం నా పని. ఆవిడ ఆ కాసేపట్లో బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టుకునేది.

ఆ వేసవిలో మా వైపు గోడ మీద చెదల బారు కనిపించింది. తాతయ్య వడ్రంగిని పిలిపించారు. అతను మా వైపునుంచి అటక ఎక్కి, గోడలో దిగిన దూలం కొనని సుత్తితో కొట్టి చూసి, ఇది లోపల డొల్లగా పలుకుతోందండి, అవతల గదిలో ఎంత పోయిందో కప్పు విప్పితేగాని తెలీదు అన్నాడు. ఆ సాయంత్రమే తాతయ్య అరుగు మీద నుంచి మేష్టారిని పిలిచారు. నేను అక్కడే ఉన్నాను. ఇల్లు నేయించాలండి అని మొదలుపెట్టగానే మేష్టారి ముఖం మారిపోయింది. మిగిలిన మాటలు ఆయన ముందే విన్నట్టు నిలబడ్డారు.

"చేయించండి. తప్పకుండా చేయించండి. మేం లోపల ఉండగానే చేయించండి."

"కప్పు విప్పేక ఎండలో ఉంటారా ఏంటండి? చంటిపిల్లతోటి."

"ఉంటామండి. ఎండ అలవాటే మాకు."

తాతయ్య నొచ్చుకున్నారు. దూలం పుచ్చిందని, వడ్రంగి చెప్పాడని అన్నారు. ఏ వడ్రంగి అండి అని మేష్టారు అడిగారు. మా వడ్రంగే అన్నారు తాతయ్య. "ఆయ్. మీ వడ్రంగే కదండి" అని మేష్టారు లోపలికి వెళ్ళిపోయారు. అందులో తప్పుపట్టడానికి ఒక్క మాట లేదు. అయినా తాతయ్య ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశారు.

ఆ రోజు నుంచి గోడకి ఇరుపక్కలా గొంతులు తగ్గిపోయాయి. నేను అటు వెళితే అక్క పాపకి స్నానం చేయిస్తూ, తలెత్తకుండా, తాతగారు ఏమంటున్నారమ్మా అని అడిగేది. ఇటు వస్తే తాతయ్య పేపరు దించకుండా, వాళ్ళేమనుకుంటున్నారే అని అడిగేవారు. బ్యాంకులో కొత్తగా చేరినాయన ఒకరు ఈ వాటా కోసం అడుగుతున్నారని వీధిలో ఎవరో అన్నారు. అది మేష్టారి చెవిన పడింది. ఊరు వెళ్ళాల్సిన పనులు కూడా వాళ్ళు మానుకున్నారు. ఆదివారం ప్రార్థనకి కూడా ఇద్దరూ కలిసి వెళ్ళడం మానేశారు. ఒకరు వెళితే ఒకరు ఇంట్లో ఉండేవారు. వాళ్ళు మంచినీళ్ళ కుండ పక్కకి జరిపినా, ఇల్లు పట్టేసుకోవడానికి ఏదో చేస్తున్నారని తాతయ్యకి అనిపించేది. వడ్రంగి మా అటక ఎక్కితే, దూలం వీళ్ళే కోయిస్తున్నారేమోనని వాళ్ళకి అనిపించేదట. ఆ మాట అక్క చాలాకాలం తర్వాత మామ్మతో చెప్పి నవ్వింది. అప్పుడు నవ్వలేదు.

రోహిణి కార్తె వచ్చింది. ఊళ్ళో అందరి ఇళ్ళూ నేత అయిపోతున్నాయి. మా ఇంటి మీదకి ఎవరూ ఎక్కలేదు.

ఒక ఆదివారం మామ్మ నాకు తల దువ్వుతోంది. పాపిడి తీస్తూ ఆగింది. దువ్వెన కిందకి వంచి దులిపి, అరచేతిలో పడినదాన్ని వేలితో రాసి చూసింది. గోధుమరంగు పొడి, పిండిలా మెత్తగా ఉంది.

"ఎక్కడ కూచున్నావే నువ్వు?"

ఉయ్యాల దగ్గర అన్నాను.

"పాప మీద కూడా పడుతోందా?"

పడుతోంది. అక్క రోజూ పాప గుడ్డలు దులుపుతోంది. ఉయ్యాలకి పైన ఒక పాత దుప్పటి కూడా పందిరిలా కట్టింది. నాకు అది ఎండకో దోమలకో అనిపించింది. మామ్మకి చెప్పాను. మామ్మ నా జడ సగంలో వదిలేసి లేచింది.

అక్క ఎందుకు పైకి చెప్పలేదో నాకు పెద్దయ్యాక అర్థమైంది. పొడి పడుతోందని చెబితే తాతయ్య మాట నిజమని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే గడప దాటాలి. దాటితే మళ్ళీ లోపలికి రానిస్తారన్న నమ్మకం లేదు. మళ్ళీ ఊరంతా తిరిగి పేరూ ఊరూ చెప్పుకోవాలి. అందుకని ఆవిడ దుప్పటి కట్టింది. పాత ఇళ్ళలో పొడి రాలడం మామూలేనని తనకి తాను చెప్పుకుని ఉంటుంది.

వాళ్ళు వాటాలో దిగిన తర్వాత మామ్మ అటువైపు అడుగు పెట్టడం అదే మొదటిసారి. నేను వెనకాల వెళ్ళాను. ఆ రోజు తాతయ్య ఆలమూరులో పెళ్ళికి వెళ్ళారు. మేష్టారు ప్రార్థనకి వెళ్ళారు. అక్క ఒక్కతే ఉంది. మామ్మని చూసి లేచి ఉయ్యాలకి అడ్డంగా నిలబడింది. మామ్మ దుప్పటి ఎత్తి దూలం చూసింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది?"

అక్క పాప గుడ్డల మీది పొడి దులిపింది.

"నేను ఖాళీ చెయ్యమనడానికి రాలేదు. మీరు మా వైపుకి వచ్చెయ్యండి. ముందు హాలు, దాని పక్క గది మీరు వాడుకోండి. పని అయ్యేదాకా మేం పెరట్లో పశువుల సావిట్లో ఉంటాం."

అక్క మామ్మని చాలాసేపు చూసింది. ఇందులో ఇంకేదో ఉందని వెతుకుతున్నట్టు చూసింది.

"తాతగారు ఒప్పుకున్నారాండి?"

"ఆయన్ని అడగలేదు."

"మరి మా గది?"

"మీ గదికి తాళం మీరే వేసుకోండి. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. నా సామాను గదికి నేను వేసుకుంటాను. ఎవరి తాళం వాళ్ళదే."

అక్క మళ్ళీ దూలం వైపు చూసింది. పాపని ఉయ్యాల్లోంచి ఎత్తుకుంది. అప్పుడు అన్న మాట నాకు ఇంకా గుర్తుంది.

"వస్తామండి. మిమ్మల్ని నమ్మి కాదండి మామ్మగారూ. దీన్ని చూసి."

"నేను కూడా దీన్ని చూసే పిలుస్తున్నానమ్మా" అంది మామ్మ.

మేష్టారు వచ్చేక వాళ్ళిద్దరూ లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత మేష్టారే మంచం ఒక కోడు పట్టుకున్నారు, నేను చిన్న చిన్న గిన్నెలు మోశాను. సాయంత్రం తాతయ్య పెళ్ళి భోజనం చేసి, తాంబూలం నములుతూ వచ్చేసరికి, ఆయన పడకకుర్చీ వేసుకునే చోట ఉయ్యాల వేలాడుతోంది. పాప ఆయన్ని చూసి చెయ్యి ఊపింది. తాతయ్య ఇల్లు తప్పినట్టు గుమ్మంలోనే ఆగిపోయారు. నేను పెరట్లోకి తీసుకెళ్ళాను. గేదెకి ఇవతల చాప మీద మామ్మ కంది పచ్చడి నూరుతోంది.

ఆయన చెప్పులు విడిచి చాప చివర కూర్చున్నారు. మరుసటి రోజు మధ్యాహ్నం అక్కడే భోజనం చేస్తూ, ఈగల్ని తోలుకుంటూ అడిగారు.

"వాళ్ళ మీద అంత నమ్మకమేంటి నీకు? రేపు మన ఇంట్లోంచి వెళ్ళమంటే?"

"వాళ్ళ మీద నమ్మకమని ఎవరన్నారు?" అంది మామ్మ, ఆయన కంచంలో మజ్జిగ పోస్తూ. "మీ మీద లేక."

తాతయ్య చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

మామ్మ సామాను గదికి తాళం వేసుకుంది. అది అక్క చూసింది. మామ్మ వంటగది వాడుకోమంటే, "మీ పొయ్యి మీకుంది, మా పొయ్యి మాకుందండి" అని వెనక వసారాలో తన కిరసనాయిలు స్టవ్ పెట్టుకుంది. దాని వల్ల మామ్మకి ఊరట కలిగిందో, చిన్నతనమనిపించిందో నేను చెప్పలేను. ఆ రోజుల్లో మా ఇంట్లో వంటగదిలోకి అందరినీ రానిచ్చేవారు కాదు. ఆ సంగతి అక్కకి తెలుసు, అక్కకి తెలుసని మామ్మకి తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నేతపని వాళ్ళు వచ్చి అవతలి వాటా పెంకులన్నీ దించేశారు. గదిలోకి ఎండ నిలువుగా పడింది. లోపల గోడలు నాలుగూ, మూలన ఒక ట్రంకుపెట్టె, తలుపుకి తాళం. అక్క రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ తాళం లాగి చూసి వచ్చేది. పనివాళ్ళలో ముసలాయన ఒకడు పైన వాసం మీద కూర్చుని నవ్వేవాడు.

"అమ్మా, తాళం ఎందుకండి, మేం పైనుంచి దిగుతున్నాం కదండి."

"దిగండి బాబూ. తలుపులోంచి మాత్రం ఎవరూ రాకూడదు" అనేది అక్క.

కప్పు లేని గదికి తాళమని వీధిలో వాళ్ళు కూడా వచ్చి చూసి నవ్వుకుని వెళ్ళారు. నాకూ నవ్వు వచ్చేది. మామ్మ మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ తాళం దొంగల కోసం కాదని ఆవిడకి తెలుసు.

దూలం దించే రోజు అందరం పెరట్లో నిలబడ్డాం. తాళ్ళు కట్టి నలుగురు మెల్లగా దించుతుంటే, గోడలోంచి కొన బయటికి వచ్చింది. కింద ఆనించగానే ఆ కొన చప్పుడు కూడా చెయ్యకుండా మట్టిలా కూలిపోయింది. మేష్టారు వంగి, మిగిలిన కర్రలో వేలు పెట్టారు. వేలు లోపలికి దిగిపోయింది. ఉయ్యాల చీర కట్టిన గుర్తు దూలం మధ్యలో ఉంది. అక్కడ కూడా అంతే మెత్తగా ఉంది. అక్క పాపని ఎత్తుకుని వెనక్కి తిరిగి, పాప తల మీద గడ్డం ఆనించి నిలబడింది.

తాతయ్య ముఖం వెలిగింది. "చూశారా మేష్టారూ, నేను చెప్తే నమ్మేరు కాదు" అన్నారు.

మేష్టారు తల ఊపారు. ఏదో అనబోయారు. ఈలోగా మామ్మ మెల్లగా అంది, తాతయ్యకి మాత్రమే వినపడేలా. పక్కనే ఉన్నాను కాబట్టి నేనూ విన్నాను.

"మీరు కూడా ఇప్పుడేగా చూడ్డం."

తాతయ్య కూలిన పొడిని చెప్పుతో పక్కకి తోశారు. ఆ దూలం నిజంగానే పుచ్చిపోయింది. కానీ అరుగు మీద మేష్టారిని పిలిచిన సాయంత్రం, తాతయ్య మనసులో ఉన్నది దూలమా, బ్యాంకాయనా, పెద్దమనుషుల మాటలా, నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఆయనకీ తెలిసి ఉండదు. అలవాటైన అబద్ధంలాగే నిజం కూడా ఆయన నోట అదే మాటల్లో వచ్చింది. విన్నవాళ్ళు తేడా ఎలా పట్టగలరు?

ఆ తర్వాత పని ఎంత తొందరగా జరిగిందో చెప్పాలి. ఏ పనైనా రేపు అనే తాతయ్య, పొద్దున్నే నేతపని వాళ్ళ కంటే ముందు నిచ్చెన దగ్గర ఉండేవారు. సావిట్లో దోమలు, గేదె పేడ వాసన, పడకకుర్చీ వేసుకోవడానికి చోటు లేదు. కొత్త దూలం కోసం తానే కలప అడితికి వెళ్ళి నిలబడి కోయించుకు వచ్చారు. చినుకు పడకముందే కప్పు పూర్తయింది. ఒక ఉదయం అక్క వెళ్ళి తన తాళం తానే తీసుకుంది. గది ఊడ్చి, కొత్త దూలానికి చీర కట్టి, పాపని పడుకోబెట్టకముందు తానే ఆ చీర పట్టుకుని వేలాడి చూసింది. మామ్మ గుమ్మంలోంచి అది చూసి, "ఇంకా గట్టిగా లాగమ్మా" అంది. ఇద్దరూ నవ్వారు. వాళ్ళు కలిసి నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

మేష్టారి వాళ్ళు ఇంకా కొన్నేళ్ళు ఉన్నారు. ఆయనకి బదిలీ అయితే తమంతట తామే వెళ్ళారు. తాతయ్య ఆ తర్వాత ఎవరినైనా పంపించాలనుకుంటే మామ్మ వైపు చూసేవారు. ఇల్లు నేయించాలన్న మాట మాత్రం, నిజంగా నేయించాల్సి వచ్చినప్పుడు కూడా, ఆయన చెప్పలేకపోయేవారు. మామ్మ చెప్పేది.

తాతయ్యా మామ్మా ఇప్పుడు లేరు. ఆ ఇల్లూ లేదు. నేను అమలాపురంలో ఉంటున్నాను. కింద నేను, మేడ మీద ఒక వాటా అద్దెకి. అద్దెవాళ్ళతో మాట్లాడేదంతా మా వారు చూసుకునేవారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు ఆ మాటలు నేనే మాట్లాడాలి. ఇళ్ళు చూపించే బ్రోకరు నాకు చాలా సలహాలు ఇచ్చాడు. పదకొండు నెలల కాగితం రాయించండి మేడమ్, ఎక్కువకాలం ఉండనిస్తే కదలరు, అవసరమైతే మా అమ్మాయి వచ్చేస్తోందని చెప్పండి, స్లాబు కారుతోందని చెప్పండి, అందరూ అదే చెప్తారు అన్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు. మా తాతయ్య కూడా కాదు.

మేడ మీద ఉన్న అమ్మాయి భర్త కువైట్‌లో పనిచేస్తాడు. ఆ అమ్మాయి, అత్తగారు, బడికి వెళ్ళే పిల్లాడు ఉంటారు. మొన్న వేసవి వానలకి స్లాబు నిజంగానే కారింది. వాళ్ళ వంటగదిలో పైన పెచ్చు ఊడి పొయ్యి పక్కన పడింది. పని చేయించాలంటే వాటా ఖాళీగా ఉండాలని మేస్త్రీ అన్నాడు. నేను మేడ ఎక్కి ఆ మాట చెప్పగానే ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

"అద్దె పెంచాలనుకుంటే పెంచండి ఆంటీగారూ. అది చెప్పెయ్యండి, పర్లేదు" అంది.

అబద్ధం ఆడటం లేదని ఒట్టు వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. ఒట్లు కూడా అందరూ వేస్తారు. కిందకి వచ్చి మా వారి గది తలుపు తీశాను. ఆయన పోయాక ఊడవడానికి తప్ప ఆ గదిలోకి వెళ్ళేదాన్ని కాదు. మంచం మీద ఆయన పుస్తకాలు ఉన్నాయి, వాటిని హాల్లోకి మార్చాను. ఆ గదీ, వంటగదీ వాళ్ళకిచ్చి, నేను హాల్లో దివాను మీద పడుకుంటున్నాను. పిల్లాడు పొద్దున్నే గట్టిగా ఎక్కాలు చదువుతాడు. అత్తగారు నా టీవీ చూస్తూ నాకే కథ చెబుతారు. పని తొందరగా అయిపోవాలని వాళ్ళ కంటే నాకే ఎక్కువగా ఉంది.

నన్ను నమ్మమని ఎవరినీ అడగకూడదని ఆ సావిట్లో మజ్జిగ పోస్తున్న మామ్మని చూసి నేర్చుకున్నాను. నమ్మమని అడగడం తేలిక, దానికి మనకేం ఖర్చు లేదు. మాట తప్పితే ముందుగా మనకే ఇబ్బంది కలిగే చోట వెళ్ళి కూర్చుంటే, అవతలివాళ్ళు నమ్మినా నమ్మకపోయినా పని జరుగుతుంది. నన్ను నేను నమ్మని రోజుల్లో కూడా జరుగుతుంది.

మేడ మీది వాటాకి ఆ అమ్మాయి తాళం వేసుకుంది. మేస్త్రీ వచ్చినప్పుడు తానే వెళ్ళి తీస్తుంది, వెళ్ళేటప్పుడు తానే వేస్తుంది. తాళంచెవి నన్ను అడగదు, నాకు ఇవ్వదు. సాయంత్రం పైకి వెళ్ళి ఎంత పని అయిందో చూసుకుని వస్తుంది. చూసుకోవాలి. ఆ అమ్మాయి స్థానంలో ఉంటే నేనూ చూసుకుంటాను.